భువనగిరి చెరువులు: ఎర వృత్తాంతము

భువనగిరి కోటకు కల్యాణి చాళుక్యుడైన త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని బిరుదమును బట్టి పేరు కలిగినదని ఈ ప్రాంతమున నెల్లరు నెరుగుదురు. కాని 1076 నుండి 1126 వరకు రాజ్యమేలిన ఆ విక్రమాదిత్యుని కుమారుడు, భూలోకమల్లుడని ప్రసిద్ధి కెక్కిన మూడవ సోమేశ్వరుడు, గాలముతో చేపలను బట్టు విద్యకు తన గ్రంథమున నొక ప్రకరణమునే యొసగెనన్న సంగతి తెలిసినవారు బహు కొలదిమంది. 1130 ప్రాంతమున రచితమై నూరు ప్రకరణములతో నొప్పు ఆ మానసోల్లాసమున, మల్లయుద్ధము, గజవినోదము మున్నగు రాజోచిత క్రీడల పంక్తిలో మత్స్యవినోదము కూడ చేరియున్నది.

సోమేశ్వరుడు చేపలను సముద్రమున నుండునవి, నదులయందుండునవి, పొలుసు గలవి, లేనివి, పెద్దవి, చిన్నవి యని విభజించి, ముప్పదియైదు జాతులను పేర్కొని, దేనికేది ప్రియమైన ఆహారమో చెప్పెను. గాలము వేయుటకు పూర్వమే వానిని మేపి యొక తావునకు మప్పవలెనని విధించెను. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును ఆధునిక పండితుల దృష్టికి దెచ్చెను. దక్షిణదేశమున పూర్వము చేపల రాబడితోనే చెరువులకు మరమ్మతులు జరుగుచుండెడివని వేరొక వ్యాసమున చూపినవాడును ఆయనయే. పిమ్మట 2005లో నళినీ సాధలే, వై. ఎల్. నేనేలు నాడు సికింద్రాబాదు నుండి వెలువడిన ఏషియన్ అగ్రి-హిస్టరీ పత్రికలో దీనిని మరల పరిశీలించిరి. చేపను రాజు మోసగింపలేదని చెప్పజాలము; అయినను మోసమునకు ముందు దాని కడుపు నింపెను.

కోట క్రిందనున్న చెరువులలో వలలు వేసి బ్రతికిన గంగపుత్రులకు, ముదిరాజులకు అంతటి తీరిక యెక్కడిది? వారి గాలమునకు వెదురుకట్టె, జనుపదారము, నెమలియీక కాడతో చేసిన బెండు, మట్టి త్రవ్వి తీసిన యెర్రలు, ఇంతమాత్రమే పరికరములు. చిన్న పరకలకు, జెల్లలకు ఎర్ర చాలును. కొర్రమట్ట మాట వేరు. అది గాలిని పీల్చగల చేప. ఎండకాలమున చెరువు అడుగంటినను బురదలో నొదిగి వానలకై వేచియుండగలదు గనుక, నీరు నిలువని ఈ మెట్టసీమకు దానికంటె తగిన మత్స్యము లేదు. అది తుంగలోను, తామరాకుల క్రిందను దాగియుండును. అచ్చట వల విసరిన చిరుగుటయే గాని చేప చిక్కదు. అందుచేత పల్లెవారు చిన్న కప్పను దెచ్చి, అది చావకుండ వీపు తోలున గాలము గ్రుచ్చి, పొడవైన కట్టెతో నాచు సందులలో నీటిపై నాడించెడివారు. కొర్రమట్ట కరచినంతనే లాగువాడు దానిని పోగొట్టుకొనును; నోట నమరువరకు నోర్చినవానికే అది దక్కును. పుస్తకమున కెక్కకపోయినను, ఈ విద్య మత్స్యవినోదమునకు తీసిపోవునది కాదని నా యభిప్రాయము.

ఆంగ్లేయుల కాలమున మదరాసు రాజధానిలో ఉద్యోగించిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ యను గ్రంథమును, 1887లో చెరువులలో గాలము వేయుటను గూర్చి ‘టాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ యను మరియొక గ్రంథమును వ్రాసెను. దొరల పెట్టెలలో లోహపు చెంచాల వంటి కృత్రిమపు ఎరలు ఉండెడివి. వానిచే మన పల్లెల గాలము మారినట్లు కానరాదు.

అసలు మార్పు దూరదేశమున జరిగినది. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఏక్రన్ నగరమున, నిక్ క్రీమ్, కాస్మా క్రీమ్ అను దంపతులు మెత్తని ప్లాస్టిక్కును కరగించి వానపాము రూపున అచ్చుపోసిరి. అంతకుమునుపటి కొయ్య ఎరను, లోహపు ఎరను కరచిన చేప వెంటనే ఉమియును. ఈ మెత్తని పురుగునైతే క్షణకాలము నోట నుంచుకొనును, గాలము వేయువానికి ఆ క్షణమే చాలును. అయితే దీనిలో రుచి లేదు, కడుపు నింపు గుణము లేదు. సోమేశ్వరుడు ఆహారముతో సాధించిన దానిని ఇచ్చట కదలికతోనే సాధింపవలెను. కాబట్టి పురుగును కొక్కెమునకు తొడుగు తీరే ఈ విద్యకు ప్రాణమైనది. ఈ పురుగును తొడుగు గాలములలో జిగ్గు ఒకటి. జిగ్గనగా కొక్కెము మెడపై సీసపు తల పోసిన గాలము. పురుగు తలభాగమున నడిమధ్యగా మొనను దింపి, కాడ వెంబడి తిన్నగా నడిపి, ముందుగా కొలిచి చూచుకొన్న చోట బయటికి దీయవలెను. అట్లుగాక వంకరగా తొడిగినచో, లాగునపుడు పురుగు గిరగిర తిరిగి దారము మెలిపడును. చేప దానిని చూచి తొలగును. సరిగా తొడిగిన పురుగు తలక్రిందుగా దిగి, అడుగున తాకి, దారము కుదిపినప్పుడెల్ల ఎగిరిపడును. నాచు దట్టమైన చోట్లకు టెక్సాస్ పేర నొక పద్ధతి ఏర్పడినది: సీసమును తూటా ఆకృతిన ముందు విడిగా నుంచి, కొక్కెపు మొనను మరల పురుగు మేనిలోనే దాచుదురు.

రబ్బరు కప్ప ఈ కోవకే చెందినది. బోలుగానున్న దాని వీపు కిరుప్రక్కల రెండు మొనలు ఒదిగియుండును. చేప నొక్కగా మేను కుదించుకొని మొనలు బయటపడును. భువనగిరి పల్లెవాడు కప్పతో సాధించిన దానినే ఇది ప్రాణి లేకుండ సాధించుచున్నది. ఇదియు మేలే. కప్పలను కాపాడుటకై కప్పకాళ్ల ఎగుమతిని దేశము 1987లో నిషేధించినది. పొలములో పురుగులను తిను జీవిని గాలమునకు గ్రుచ్చుటకంటె రబ్బరు తునక నయము. అయితే వానకాలమున కొర్రమట్ట తన యెర్రని పిల్లల గుంపును కాచుచు నీటిపైకి వచ్చు సమయమున, ఆకలితో గాక కోపముతో ఎరపైకి దుముకును. అప్పుడు దానిని పట్టుట రాజవినోదమును కాదు, వృత్తిధర్మమును కాదు. తల్లిదండ్రులు చిక్కిన నాడు ఆ పిల్లలు తక్కిన చేపల పాలగును. కొర్రమట్టను రాష్ట్రమత్స్యమని గౌరవించుకొన్న మన తెలంగాణమున, పిల్లలను కాచు వేళ దానిని పట్టరాదన్న నియమమునైన పాటింపవలదా?

ఇక జిగ్గు ఇచ్చట ఎంతవరకు పనికివచ్చుననిన, దానికి నాచు లేని లోతునీరు అనుకూలము. మూసీపై సంగెము వద్ద భీమలింగము కత్వ దిగువను లోతుండవచ్చునుగాని, హైదరాబాదు నగరపు మురుగు చేరిన ఆ నీట గాలము వేయు నుత్సాహము కలుగదు. చెరువులలో సీసపు తల బురదలో దిగబడి, నాచు చుట్టుకొని వచ్చును. వానలు కురిసి నిండిన తరువాత తూము దగ్గర మాత్రము నీరు లోతుగాను, నాచు లేకయు నుండును. అచ్చట తేలికపాటి జిగ్గునకు వాలుగ తగులవచ్చును. కొర్రమట్టకై వచ్చినవాడు సీసమును సంచిలోనే యుంచి తుంగ మొదళ్లకు రబ్బరు కప్పను విసరుట మేలు.