భాగ్యరెడ్డి వర్మ – మన సాహిత్య చరిత్ర

ప్రతి జూన్‌లో బడిలో ప్రవేశాల రిజిస్టరు నింపేటప్పుడు కులం గడి దగ్గర నా కలం ఒక్క క్షణం ఆగుతుంది. తండ్రి చెప్పే మాట, పాత సర్టిఫికెట్టులో ఉన్న మాట, ప్రభుత్వ జాబితాలోని మాట చాలాసార్లు ఒకటి కావు. 'ఆది ఆంధ్ర' అని రాసి ఉన్న పాత కాగితాలు అప్పుడప్పుడు చేతికొస్తుంటాయి. ఆ మాట ఎక్కణ్ణించి పుట్టిందో, ఎం.ఏ. తెలుగు చదివిన రెండేళ్లలో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ మాట వెనక 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో జరిగిన సభ ఉంది. దాన్ని తలపెట్టినవాళ్లు 'పంచమ మహాసభ' అన్నారు. అధ్యక్షుడుగా హైదరాబాదు నుంచి వచ్చిన మాదరి భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే తప్పుపట్టారు. శాస్త్రాలు చెప్పేవి నాలుగు వర్ణాలేననీ, ఐదోవాడనే మాట ఊరి బయటికి నెట్టినవాళ్లు తగిలించిందేననీ, తామీ నేలకు తొలివాసులమనీ వాదించారు. 'పంచమ' పోయి 'ఆది ఆంధ్ర' వచ్చింది. సభ జరిగిన ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారని చరిత్రకారులు రాశారు. గుడిలోకి వస్తామని ఎవరూ అనకముందే తలుపులు మూసుకున్న భయం ఎటువంటిదో పాఠకులు ఊహించగలరు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన రికార్డుల్లో 'పంచమ'కు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అంగీకరించింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందూ' అనే పేరు నమోదయింది. దాని వెనక ఉన్నదీ ఆయన కృషే.

ఇంతా చేసి, ఈయన పుట్టింది ఏ పండిత వంశంలోనో కాదు. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే డోస్ సాంటోస్ అనే బారిస్టరు ఇంట పనికి కుదిరి, ఆ ఇంటి ప్రోత్సాహంతో చదువుకున్నారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా వాడల్లో ప్రచారం మొదలుపెట్టారు. 1911లో అది మన్య సంఘమయింది. ఆ తరవాత ఆది హిందూ సంఘంగా పెరిగింది. జోగిని, బసివి ఆచారాల మీద పోరాడింది.

తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి కనుక నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. 1910 నుంచి ఆయన హైదరాబాదులో అంటరానివారి పిల్లలకు బడులు పెట్టారు. రాజ్యమంతా ఉర్దూ ఏలుతున్న రోజుల్లో ఆ బడుల్లో బోధన తెలుగులో! అవి 26 దాకా పెరిగాయి. తెలంగాణలో తెలుగు వెలిగిన కథ చెప్పేటప్పుడు మనం 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్నీ, 1906 నాటి విజ్ఞాన చంద్రికా మండలినీ తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. అదే 1906లో పుట్టిన జగన్మిత్ర మండలి మాత్రం ఆ వరసలోకి రాదు. చదువుకున్నవాడి చేతికి పుస్తకం అందిస్తే భాషాసేవ, అక్షరం ఎరగనివాడి చేతికి పలక ఇస్తే సంఘసేవ! ఈ విభజన ఎవరు చేశారు?

ఇక అసలు విషయానికి వస్తాను. 1931లో ఆయన 'భాగ్యనగర్' పత్రిక ప్రారంభించారు. ఆ తొలి సంవత్సరాల్లోనే అందులో 'వెట్టి మాదిగ' అనే కథ రాశారు. కులం పేరు మార్చడానికి జీవితమంతా వెచ్చించిన మనిషి, జనాభా లెక్కల్లో పేరు మారిన కాలంలోనే, తన కథకు పాత పేరు పెట్టారు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. వెట్టి మాదిగ అంటే పల్లెలో ఒక మనిషి మాత్రమే కాదు, వంశపారంపర్యంగా మెడకు చుట్టుకున్న కూలి లేని కొలువు. అధికారి సామాను పొరుగూరికి మోయాలి. దొరకు చెప్పులు, తోలు సరుకు ఊరికే ఇవ్వాలి. కాగితం మీద 'ఆది హిందూ' అయినవాడు మరునాడు పొద్దున అదే మూట నెత్తిన పెట్టుకున్నాడు. పేరు సాధించగలిగింది ఎంతో, సాధించలేనిది ఎంతో ఆ రచయితకు తెలుసు.

తెలంగాణ వెట్టి సాహిత్యంలోకి వచ్చిన కథను మన విమర్శకులు వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955)తో మొదలుపెట్టడం అలవాటు. నేనూ అలాగే రాశాను, ఒకసారి కాదు. సాయుధ పోరాటానికి దారితీసిన చైతన్యం నుంచే ఆ సాహిత్యం పుట్టిందనే సూత్రం మనకు అంత సుఖంగా ఉండేది. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందు, వెట్టి చేసే వాడల్లో పనిచేసిన మనిషి కథ రాశాడంటే ఆ సూత్రం ఎక్కడో సడలాలి.

ఆయన పరిమితులు దాచవలసిన పని లేదు. భూమి ప్రశ్నను ఆయన ఉద్యమం ముందుకు తేలేదు. మహజర్ల ద్వారా, సర్కారు దయ ద్వారా చాలా సాధించవచ్చని నమ్మింది. ఆది హిందూ అనే ఒకే గొడుగు కింద తాము ఇమడలేమని మాదిగల్లో కొందరు అరుంధతీయులుగా విడిగా నిలిచారు. వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. రెడ్డి, వర్మ అనే రెండు మాటలు తన పేరుకు చేర్చుకోవడంలోనూ (వర్మ ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు) పై మెట్టు గౌరవాన్ని తనవైపు లాక్కునే తాపత్రయం కనిపిస్తుంది. కాని భూమి గురించి మాట్లాడిన మనం, గుడి తలుపులు మూయించిన ఆ సభ గురించి ఎన్నిసార్లు మాట్లాడాం? ఆ లోటును ఆయన ఖాతాలో రాయలేం.

1939 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయారు. 'గబ్బిలం' రావడానికి ఇంకా రెండేళ్లుంది. జాషువాకూ, 1921లో 'మాకొద్దీ నల్లదొరతనము' రాసిన కుసుమ ధర్మన్నకూ ముందు బెజవాడ సభ ఉంది. 1922లో వచ్చిన 'మాలపల్లి'కీ ముందు ఉంది. ఉన్నవ నవల పాఠం చెప్పేటప్పుడు గాంధీ ప్రభావం, రష్యా విప్లవ ప్రభావం అని రెండు మాటలు నల్లబల్ల మీద రాయడం నాకు పరిపాటి. రెండూ 1917 చుట్టూ తిరిగేవే. చంపారన్ ఆ ఏడాదిదే, అక్టోబరు విప్లవమూ ఆ ఏడాదిదే. ఇప్పుడు వాటి పక్కన బెజవాడ అని కూడా రాస్తున్నాను.