రక్షకభటులు – బాట నియమములు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చిన్నదివలె కనబడును. మోటారుబండ్లు నడుపువారికి ప్రభుత్వమువారు కొన్ని నియమములు విధించియున్నారు. ఎఱ్ఱదీపము వెలిగినచోట నిలువవలెను. ఎదురుదారిని పోరాదు. ద్విచక్రముపై పోవువాడు తలకు హెల్మెట్టు ధరింపవలెను. ఈ నియమములు మీఱినవారిని పట్టి చలాను వ్రాయువారు పోలీసువారు. ఆ పోలీసువారే నియమము మీఱినచో వారికిని అదే దండమా, లేక మినహాయింపు కలదా? ఈ ప్రశ్న పుట్టని రచ్చబండ లేదు. దీనిని కోపమును ప్రక్కనుంచి చరిత్రదృష్టితో విచారింతము.

మన పూర్వులకు మోటారులు లేకున్నను రథములును, బండ్లును, వానివలని ప్రమాదములును కలవు. మనుస్మృతి రెండవ అధ్యాయములో బాటపై ఎవరెవరికి దారి యీయవలెనో చెప్పబడినది. బండిపై వచ్చువాడు, తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, చదువు ముగించిన స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు అని వరుస. రాజు పేరు ఏడవది. ఆ రాజును, స్నాతకుడును ఎదురుపడినచో రాజే స్నాతకుని మన్నింపవలెనని తరువాతి శ్లోకము. రోగికిని, బరువు మోయువానికిని దారి దొరకుట వారి అధికారమును బట్టి కాదు, అవసరమును బట్టి యని గమనింపుడు. ఈ మాట మనకు ముందు పనికివచ్చును.

అదే గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున బండివలన కలుగు హానిని గూర్చి చెప్పుచున్నది. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు గాని చక్రము గాని విఱిగినను, తోలువాడు తొలగుమని కేకవేసినను దోషము లేదు. తోలువాడు నేర్పులేనివాడై హాని కలిగినచో బండి యజమానునకు ఇన్నూఱు పణముల దండము. తోలువాడు నేర్పరియైనచో దండము వానిదే. ఈ విభాగములో బండి ఎవరిదైనను తప్పెవరిదన్నదే ప్రధానమైన విచారణ.

శాస్త్రము పండితులది, కథ ప్రజలది. బెజవాడలో మాధవవర్మ కథను పెద్దలు నేటికిని చెప్పుకొందురు. రాజకుమారుని రథము క్రిందపడి చింతచిగురు అమ్ముకొను పేదరాలి బిడ్డ మరణించెననియు, ఆమె మొఱపెట్టగా రాజు తన కుమారునకే మరణదండన విధించెననియు, ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దుర్గాదేవి బంగారువాన కురిపించెననియు ఆ కథ. తమిళదేశమున తిరువారూరులో చోళరాజును గూర్చి ఇట్టి కథయే కలదు. అచ్చట రథము క్రింద పడినది ఆవుదూడ; ధర్మఘంట మ్రోగించినది తల్లియావు. సింహళమున క్రీ. శ. 5వ శతాబ్దమునాటిదగు మహావంశము ఏలారుడను తమిళరాజును గూర్చి ఇదే కథ చెప్పి, అతడు అన్యమతస్థుడైనను అతని న్యాయమును మెచ్చుకొన్నది. ఇవి యథార్థముగా జరిగినవా యని వాదించుట నా యుద్దేశము కాదు. ఒకే కథ మూడు చోట్ల వేరూనినదన్న సంగతియే చరిత్ర. రాజు ఎన్ని దేశములు గెలిచెనో మఱచిన జనులు, తన కొడుకు రథచక్రమును గూర్చి ఏమి తీర్పు చెప్పెనో మఱవలేదు.

దండించువానికి దండమెంత? సామాన్యునకు ఒక కార్షాపణము అపరాధము పడు తప్పునకు రాజునకు వేయి కార్షాపణములని మనుస్మృతి విధించినది. తెలిసినవాడును, తెలియనివాడును చేసిన తప్పు ఒకటి కాదని దీని భావము. అయితే ఇచ్చట ఒక సంగతి దాచరాదు. దొంగతనమునకు పైవర్ణమువానికి హెచ్చుదండము విధించిన ఆ అధ్యాయమే, దూషణవిషయమున క్రిందివర్ణమువానికి క్రూరదండమును, పైవానికి స్వల్పదండమును విధించినది. ఆ రెండవదానిని నేను సమర్థింపను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, చట్టము ముందు అందఱును సమానులని 14వ అధికరణములో చెప్పి ఆ భేదమును త్రోసివేసినది. పూర్వుల మాటలలో నిలుపుకొనదగినది అధికారముతోపాటు బాధ్యత పెరుగునన్న సూత్రము.

ఇక పోలీసువ్యవస్థ మాట. పూర్వము ఊరికి తలారి కాపు. వాడు ఊరివాడే, ఊరి తిండి తినువాడే, వాని తప్పును ఊరు వెంటనే అడుగగలిగెడిది. చెన్నపట్టణపు రాజధానిలో 1859లోను, తక్కిన బ్రిటిషు ఇండియాకు 1861లోను పోలీసుచట్టములు పుట్టినవి. అంతటినుండి భటుడు జిల్లా సూపరింటెండెంటునకు జవాబుదారి యయ్యెను గాని ఊరికి కాలేదు. అయినను ఆ 1861 చట్టములోనే, విధి తప్పిన పోలీసునకు మూడునెలల జీతము వఱకు జరిమానాగాని, మూడునెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని 29వ సెక్షను కలదు. పరదేశపు ప్రభుత్వము సైతము తన భటుని దండమునకు అతీతునిగా వ్రాయలేదు.

మోటారుబండ్లకై దేశమంతటికిని మొదటి చట్టము 1914లో వచ్చినది. తరువాత 1939లో ఒకటి, 1988లో మఱియొకటి వచ్చినవి. ఈ 1988 చట్టమును 2019లో సవరించినపుడు 210–బి యను క్రొత్త సెక్షను చేర్చిరి. ఈ చట్టమును అమలుజరుపు అధికారము గలవారే దానిని మీఱినచో, ఆ తప్పునకు సామాన్యునకు విధించు దండమునకు రెట్టింపు దండము వారికి విధింపవలెనని దాని తాత్పర్యము. హెల్మెట్టు లేనివానికి చట్టము వేయి రూపాయల జరిమానా చెప్పినది గనుక, హెల్మెట్టు లేక పోవు పోలీసునకు రెండువేలగును. మనుస్మృతి చెప్పిన వేయిరెట్లు రెండురెట్లైనను, సూత్రము మాత్రమదియే. అంతకుముందే, 2017 మే 1 నుండి మంత్రుల బండ్లపై తిరుగు ఎఱ్ఱదీపములును తీసివేయబడినవి.

మీలో ఒకరు ఇట్లడుగవచ్చును: “దొంగను తఱుముచున్న పోలీసుబండి ఎఱ్ఱదీపముకడ నిలిచి వానిని పోనీయవలెనా?” ఇది న్యాయమైన ప్రశ్న. అగ్నిమాపకబండికి, అంబులెన్సుకు, పోలీసుబండికి అత్యవసరమైన పనిమీద పోవునపుడు దారిలో ప్రాధాన్యము కలదు. అగ్నిమాపకబండికిగాని, అంబులెన్సుకుగాని దారి యీయనివానికి పదివేల రూపాయల జరిమానాగాని, ఆఱునెలల వఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది. కాని ఈ ప్రాధాన్యము పనికిచ్చినది, దుస్తులకిచ్చినది కాదు. రోగికి దారి రోగమున్నంతవఱకే. తఱుముపనిలో నున్న భటునకు ప్రాధాన్యము ఆ పని యున్నంతవఱకే. ఆ భటుడే సాయంకాలము కూరగాయల సంచి తగిలించుకొని ఇంటికి పోవునపుడు మనవలెనే ఒక బాటసారి.

చట్టము వ్రాసినంతమాత్రమున సరిపోదు. భటునకు చలాను వ్రాయువాడెవడు? ఈ చిక్కు పూర్వులకును కలిగినది. నిర్దోషిని దండించిన రాజు ఆ దండమునకు ముప్పదిరెట్లు వరుణునకై నీట విడువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము. మనుష్యులలో రాజును దండించువాడు దొరకక వారు దేవతను నియమించిరి. మన కాలమున వరుణుని పనిని మనుష్యులే చేయవలెను.

అట్లు చేసిన యొక భటుని వృత్తాంతము అమెరికాలో కలదు. అచ్చటి రాజధాని వాషింగ్టనులో 1872లో అధ్యక్షుడు యులిసీస్ గ్రాంటు గుఱ్ఱపుబండిని మితిమీఱిన వేగముతో తోలగా, నల్లజాతివాడైన విలియం వెస్టు అను భటుడు ఆపి ఠాణాకు తోడ్కొనిపోయెననియు, అధ్యక్షుడు ఇరువది డాలర్లు జామీను కట్టెననియు 1908లో అచ్చటి పత్రికలో ఆ భటుని మాటలుగా వెలువడినవి. దేశాధ్యక్షుని ఆపగల భటుడున్నపుడు, తోటి భటుని ఆపగల భటుడేల యుండరాదు?

పెద్దలారా! ఎండలో, దుమ్ములో, నాలుగుదారుల కూడలిలో నిలుచు భటుని పని కష్టమైనది. వానిని ఎగతాళి చేయుటవలన బాట బాగుపడదు. వాడు తప్పుచేసినచో బండి సంఖ్య, తేది, వేళ, చోటు వ్రాసికొని, చూచిన ఇద్దరి సంతకములతో పై యధికారికి శాంతముగా అర్జీ పెట్టుడు. చట్టము ఆ అధికారమును మనకు ఇచ్చినది.

ఒక్కమాట చెప్పి ముగింతును. మన మేనల్లుని బండిని పట్టుకొన్న దినమున, వదలివేయుమని ఠాణాకు కబురంపుచున్నవారు మనలో లేకపోలేదు. చలాను చించివేయించుకొన్న పెద్దమనిషికి, భటుని చలాను ఏదని అడుగు నోరుండదు. మాధవవర్మ కథను మన పిల్లలకు చెప్పుచున్నామన్నచో అందలి రాజకుమారుని స్థానమున మన కుమారుని నిలిపి చూచుకొనవలెను. అట్లు చూచుకొన్నవాడు ఏ యధికారినైనను తలయెత్తి అడుగగలడు.