స్ట్రూమా ఓవరై క్యాన్సర్ నిర్ధారణ

స్ట్రూమా ఓవరై అండాశయంలో పుట్టే అరుదైన కణితి. బీజకణాల నుంచి ఏర్పడే టెరటోమాలో వెంట్రుకలు, కొవ్వు, పళ్లు సైతం కనిపిస్తాయి. అందులో సగానికి మించి థైరాయిడ్ కణజాలమే ఉంటే ఈ పేరు పెడతారు. వైద్య పరిభాషలో స్ట్రూమా అంటే గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి వాపు. ఈ కణితుల్లో అత్యధికం హానిచేయనివే. సుమారు 5–10 శాతం మాత్రమే క్యాన్సర్‌గా మారతాయి. వాటిలో పాపిల్లరీ రకం ఎక్కువ, తర్వాతిది ఫాలిక్యులర్.

లక్షణాలు

పొత్తికడుపులో నొప్పి, గడ్డ, కొందరిలో పొట్టలో నీరు చేరడం కనిపిస్తాయి. గుండెదడ, బరువు తగ్గడం వంటి థైరాయిడ్ లక్షణాలు కొద్దిమందిలోనే ఉంటాయి. నీరు చేరి, రక్తంలో సీఏ-125 అనే ప్రోటీన్ పెరిగితే మామూలు అండాశయ క్యాన్సరేనని పొరబడే అవకాశం ఉంది.

నిర్ధారణ

స్కానింగులు అనుమానం కలిగిస్తాయి, అంతే. చిక్కటి కొల్లాయిడ్ నిండిన తిత్తులు ఎంఆర్‌ఐలోని టీ2 చిత్రాల్లో నల్లగా కనబడతాయి. అసలు విషయం తేలేది ఆపరేషన్ తర్వాత, పెథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద. కణితిలో ఒక మూలే క్యాన్సర్ ఉండవచ్చు కనుక పలుచోట్ల నుంచి ముక్కలు తీసి చూడాలి. మసకగాజులా పాలిపోయి కనిపించే కణకేంద్రకాలు, వాటిపై గాడులు పాపిల్లరీ రకానికి గుర్తులు. కణజాలం థైరాయిడ్‌దేనని థైరోగ్లోబులిన్, టీటీఎఫ్-1 పరీక్షలు చెబుతాయి. పాక్స్-8 అనే ప్రోటీన్ మామూలు అండాశయ క్యాన్సర్లలోనూ కనిపిస్తుంది కాబట్టి అదొక్కటే చాలదు. మెడలోని థైరాయిడ్ క్యాన్సర్ అండాశయానికి పాకలేదని తేల్చుకోవడానికి మెడ అల్ట్రాసౌండ్ తప్పనిసరి.

చికిత్స

మొదట కణితిని తొలగిస్తారు. వ్యాధి వ్యాపించినా, ముప్పు ఎక్కువగా ఉన్నా మెడలోని థైరాయిడ్‌ను కూడా తీసి, రేడియోధార్మిక అయోడిన్-131 ఇస్తారు. మెడలో గ్రంథి ఉంటే మందు చాలావరకు దానికే చేరుతుంది. గ్రంథిని ముందే తీసేది అందుకే. ఆపైన రక్తంలో థైరోగ్లోబులిన్ ఎంతుందో చూస్తూ ఏళ్ల తరబడి కనిపెట్టి ఉంటారు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా వ్యాధి తిరగబెట్టవచ్చు.

బళ్లారి సరిహద్దులో

1953 అక్టోబరు 1న అప్పటి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. సరిహద్దు గీత మారినా వైద్యం కోసం రాకపోకలు ఆగలేదు. బళ్లారిలో 1961లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలే తర్వాత విజయనగర వైద్య విజ్ఞాన సంస్థ (విమ్స్) అయింది. ఈ ప్రాంతపు రోగి ఆపరేషన్ ఒక ఊళ్లో చేయించుకుని, పై వైద్యానికి బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ సంస్థకో, హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాల్సి రావచ్చు. అక్కడి పెథాలజిస్టు మళ్లీ చూడాలంటే స్లైడ్లు, కణితి ముక్కలను పొదిగిన బ్లాకులు అనే మైనపు దిమ్మెలు కావాలి. తీసేసిన కణితి మళ్లీ దొరకదు. దాని సాక్ష్యం ఆ దిమ్మెల్లోనే మిగులుతుంది. రిపోర్టుతోపాటు వాటినీ అడిగి తీసుకుని భద్రపరచుకోవడం రోగి కుటుంబం చేయగలిగిన ముఖ్యమైన పని.