“ఎప్ఫతా” తరువాత చేయవలసిన పని



ధ్యాన భాగం: మార్కు సువార్త 7:31-37

మెదక్ పట్టణానికి వచ్చిన ప్రతివారూ మన చర్చి గోపురం వైపు తలెత్తి చూస్తారు. దాని ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు ఆకలితో ఉన్నవాళ్ళకు పని కల్పించి, అన్నం పెట్టి కట్టించిన మందిరం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. లోపలి పైకప్పుకు స్పాంజి వంటి పదార్థం వాడారు. అంత పెద్ద రాతి మందిరంలో మాట మారుమోగి చెదిరిపోకుండా, చివరి వరుసలో కూర్చున్న కూలి మనిషికి కూడా వాక్యం స్పష్టంగా వినబడాలని వారి తాపత్రయం.

మరి మొదటి వరుసలో కూర్చున్నా వినబడని బిడ్డ సంగతి ఏమిటి?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి రెండేళ్ళ బాబును చంకనెత్తుకొని వచ్చి, “అయ్యగారూ, వెనుక నుంచి పిలిస్తే తిరిగి చూస్తలేడు” అంది. “మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయమ్మా, ప్రార్థన చేద్దాం” అన్నాను. నూనె రాసి ప్రార్థించాను. చెవుల డాక్టరుకు చూపించమని మాత్రం చెప్పలేదు. ఆ బాబుకు పరీక్ష జరిగేసరికి అయిదేళ్ళు దాటాయి. ప్రార్థించడం తప్పు కాదు. ఆమెను ఇంటికి పంపేయడం తప్పు.

దెకపొలిలో మన ప్రభువు ఏం చేశాడో చూడండి. ఆ చెవిటివాణ్ణి గుంపులో నిలబెట్టి కేక వేయలేదు. పక్కకు తీసుకుపోయాడు. చెవులలో వేళ్ళు పెట్టాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. వినలేని మనిషికి అర్థమయ్యే భాష అదే. ఆ తరువాతే “ఎప్ఫతా” అన్నాడు.

సంఘ చరిత్రలో ఈ భాగాన్ని చేతులతో చదివినవాళ్ళు ఉన్నారు. క్రీ.శ. 731లో బీడ్ అనే సన్యాసి పూర్తి చేసిన ఇంగ్లండు సంఘ చరిత్రలో జాన్ అనే బిషప్పు కథ ఉంది. మాట రాని ఒక పేద యువకుడికి ఆయన తన దగ్గరే చిన్న గుడిసె వేయించాడు. అతని నాలుకపై సిలువ గుర్తు వేసి, ముందు “ఔను” అనే ఒక్క మాట పలికించాడు. తరువాత అక్షరాలు, ఆపైన గుణింతాలవంటివి, ఆపైన మాటలు, చివరికి వాక్యాలు. అద్భుతం జరిగిందని చెప్పిన బీడే పాఠం కూడా జరిగిందని రాశాడు. 16వ శతాబ్దంలో స్పెయిను దేశపు సన్యాసి పెద్రో పోన్సే చెవిటి పిల్లలకు చదవడం, రాయడం, మాట్లాడటం నేర్పాడు. మన దేశంలో 1890లలో, పాస్నెట్ దొరగారు మెదక్ వచ్చిన ఆ దశాబ్దంలోనే, ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అనే మిషనరీ తమిళనాడులోని పాళయంకోట్టైలో చెవిటి పిల్లలకు బడి పెట్టింది.

ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ తండ్రి మందుల షాపు నడిపేవాడు. ఆయనకు సరిగా వినబడేది కాదు. ఆ ఇబ్బంది చూస్తూ పెరిగిన కొడుకు డాక్టరై, 1978లో తన మొదటి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేశాడు. లోపలి చెవిలో సన్నని తీగ అమర్చి, శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం అది. లక్షల ఖర్చు. మన తెలుగు రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల కూలివాళ్ళ పిల్లలకు కూడా ఆ ఆపరేషన్, దాని తరువాతి మాటల శిక్షణ ఉచితంగా అందాయి.

కానీ ప్రియులారా, మిషన్ పెట్టగానే బిడ్డ మాట్లాడడు. మొదట వినబడేది అర్థం లేని చప్పుడు. తల్లి రోజూ దగ్గర కూర్చొని, నోరు కనబడకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని పలికి, బిడ్డ పట్టుకుంటున్నాడో లేదో చూడాలి. స్నానం చేయించేటప్పుడు “నీళ్ళు”, అన్నం పెట్టేటప్పుడు “బువ్వ” అని నూరుసార్లు, వెయ్యిసార్లు చెప్పాలి. మెదడు మాటను సులువుగా పట్టేది మొదటి మూడు నాలుగేళ్ళలోనే. అందుకే ఆలస్యం అంత ఖరీదైనది.

ఎంత చేసినా కొందరికి మాట రాకపోవచ్చు. 1880లో మిలాన్ నగరంలో కూడిన ఉపాధ్యాయులు బడుల్లో సైగల భాష వద్దని తీర్మానించారు. చాలామంది పిల్లలు అలా ఏ భాషా లేకుండా మిగిలిపోయారు. 2010లో వాంకోవర్‌లో జరిగిన అదే మహాసభ దానికి విచారం తెలిపింది. జెకర్యా మూగవాడైనప్పుడు బంధువులు సైగలు చేశారు, ఆయన పలక మీద రాశాడు. దేవుడు ఆ పలకనూ వాడుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను నేనిక ప్రసంగంలో వాడను.

కాపరులారా, పెద్దలారా! ఉలిక్కిపడని పసిబిడ్డను, పిలుపుకు తిరగని బిడ్డను చూస్తే ప్రార్థించండి, ఆ వారమే ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్ళండి. నిద్రపోతున్న పసికందుకు కూడా వినికిడి పరీక్ష చేయవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మేనరికపు పెళ్ళిళ్ళు జరిగిన ఇళ్ళలో మరింత జాగ్రత్తగా ఉండండి, నింద మాత్రం వేయకండి.

ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కొన్ని మాటలు పలుకుతాడు, మిగతావి చేతులతో చెబుతాడు. నన్ను చూసి “అయ్య” అంటాడు. అది విన్నప్పుడల్లా నాకు కృతజ్ఞత కలుగుతుంది, పోయిన మూడేళ్ళూ గుర్తొస్తాయి.

ప్రార్థన: ప్రభువా, వినగలిగీ వినని మా చెవులను ముందు తెరువుము. పక్కకు తీసుకుపోయి ముట్టే నీ ఓపిక మాకు దయచేయుము. ఆమేన్.