రాజమండ్రి పెళ్ళికూతురి జడా, చీరా

మొగుడు పోయిన ఆడదానికి తల గొరిగించే ఆచారం గట్టిగా నడుస్తున్న రోజుల్లో మా రాజమండ్రిలో ఒక బాలవితంతువు మళ్ళీ పెళ్ళిపీటల మీద కూర్చుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు గౌరమ్మకూ గోగులపాటి శ్రీరాములుకూ చేయించిన ఆ పెళ్ళి గురించి మా ఊరి పిల్లలకు బళ్ళోనే చెబుతారు. వంటవాళ్ళు రాలేదనీ, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారనీ, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చుకున్నారనీ, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారనీ చెబుతారు. అవన్నీ గొప్ప సంగతులే. నేను మాత్రం ఆ పెళ్ళిని జుట్టు వైపు నుంచి చూస్తాను. మొగుడున్నన్నాళ్ళే ఆడదానికి జడా పువ్వులూ అన్న పట్టుదల మీద మా ఊళ్ళో పడ్డ పెద్ద దెబ్బ అది. ఇక్కడి పెళ్ళికూతుళ్ళ అలంకారం గురించి రాయాలంటే ఆ రోజు నుంచే ఎత్తుకోవాలి.

ఆ కాలపు పెళ్ళికూతురు అసలు చిన్నపిల్ల. ఈ ముక్క మరిచిపోతే తర్వాతి మార్పులేవీ అర్థం కావు. వెదురుగంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చే వేడుక ఇప్పటికీ మన పెళ్ళిళ్ళలో ఉంది. ఇరవై అయిదేళ్ళ అమ్మాయిని నలుగురు మేనమామలు ఆపసోపాలు పడుతూ ఎత్తుతుంటే అందరం నవ్వుతూ ఫోటోలు తీసుకుంటాం. ఎనిమిదేళ్ళ పిల్ల అయితే ఒక్క మేనమామ చాలు. నిద్రపోతున్న పిల్లను గంపలో పెట్టి పీటల దగ్గరికి తెచ్చామని మా అమ్మమ్మ తరం వాళ్ళు మామూలుగా చెప్పుకునేవారు. పెద్దవాళ్ళ చీరను మడిచి, నడుం దగ్గర కుక్కి, జారకుండా తాడు కట్టేవారట.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు పధ్నాలుగేళ్ళు నిండాలని పెట్టిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రానుండడంతో దేశమంతటా ఆ ముందు నెలల్లో హడావుడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. అమల్లోకి వచ్చాక మా జిల్లా వాళ్ళకు ఇంకో దారి దొరికింది. అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఆ చట్టం లేదు. పెళ్ళివారంతా యానాం వెళ్ళి పిల్లలకు మూడుముళ్ళు వేయించి తిరిగొచ్చేవారు. కళ్యాణపురం అని యానానికి పేరు పడేటంతగా వెళ్ళారు. మా గోదావరి జిల్లా చరిత్రలో గర్వపడే అధ్యాయం పక్కనే ఇదీ ఉంది, రెండూ చెప్పుకోవాలి.

చిన్నపిల్లకు జడ ఎంతుంటుంది? భుజాలు దాటదు. అందుకే సవరం. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకల్ని ఆడవాళ్ళు చుట్టచుట్టి చూరులోనో గోడసందులోనో దాచేవారు. సవరాలు అల్లేవాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు అవి ఇచ్చి సవరం కట్టించుకునేవారు. అలా అమ్మ జుట్టూ, పిన్ని జుట్టూ కలిసి పెళ్ళికూతురి జడలో చేరేది. నడినెత్తిన పాపిటబిళ్ళ, దానికి అటూ ఇటూ సూర్యవంక, చంద్రవంక, వెనక రాకిడి, జడ మీద నాగరం, కొసన జడకుప్పెలు పెట్టేవారు. ఇవన్నీ బంగారంతో ఉన్న ఇళ్ళు వీధికి ఒకటో రెండో. మిగతావాళ్ళు ఎరువు తెచ్చుకునేవారు, తెల్లారగానే లెక్కచూసి అప్పజెప్పేవారు. ఎరువు కూడా దొరకని ఇంట్లో పువ్వులే నగలు. పూలజడను ఇప్పుడు వైభవంగా చూస్తున్నాం గానీ, చాలా ఇళ్ళలో అది బంగారం లేని లోటు తీర్చడానికి వేసిందే.

ఆ జడ కుట్టడం చూసినవాళ్ళు ఇంకా మా పేటల్లో ఉన్నారు. నేనూ చూశాను. మొగ్గలు మధ్యాహ్నమే కోసి తేవాలి. ఒక్కటి కూడా విచ్చి ఉండకూడదు. జడ పొడవుకు సరిపడా అరటిదొప్ప కోసి, పాత మెత్తటి గుడ్డ చుట్టి, దాని మీద మొగ్గల్ని సూదితో వరసలు వరసలుగా కుట్టాలి. మధ్యలో కనకాంబరాలతో చుక్కలో గళ్ళో, అంచుల్లో మరువం. ముగ్గురు ఆడవాళ్ళు చాపమీద కూర్చుంటే ఒకరు మొగ్గలు ఏరి సైజు ప్రకారం వేరు చేస్తారు, పైన పెద్దవి, కిందికి వచ్చేసరికి చిన్నవి. ఇంకొకరు గుచ్చుతారు. చెయ్యి తిరిగిన ఆవిడే కుడుతుంది. దారం బిగిస్తే మొగ్గ తెగుతుంది, వదులైతే పీటల మీద కూర్చునేసరికి వరస జారుతుంది. తర్వాత పెళ్ళికూతుర్ని ముందు కూర్చోబెట్టి జడకు తాపి వెనక నుంచి కుట్లు వేస్తారు. తల బరువెక్కుతుంది, మెడ తిప్పడానికి లేదు. మన ముహూర్తాలు ఎక్కువగా రాత్రిపూటే కదా, జీలకర్ర బెల్లం వేళకు మొగ్గలు విచ్చుకుని పందిరంతా వాసన. ఆ లెక్క ఆ కుట్టే ఆవిడకు తెలుసు. మొగ్గ ఎప్పుడు కోయాలో ముహూర్తాన్ని బట్టి చెప్పేది.

అంత పనిచేసిన జడ వీపు మీద ఉంటుంది, ఫోటోలో కనపడదు. దానికి మా ఊరి స్టూడియోల వాళ్ళకూ ఒక ఉపాయం ఉండేది. పెళ్ళికూతుర్ని కాస్త పక్కకు తిప్పి నిలబెట్టి వెనక నిలువుటద్దం పెట్టేవారు. ముఖం ఎదురుగా, జడ అద్దంలో. ఇన్నీసుపేటలో, ఆర్యాపురంలో పాత ఇళ్ళ గోడలకు ఈ నలుపు తెలుపు ఫోటోలు ఇప్పటికీ వేలాడుతున్నాయి. జడ సింగారం ఎలా మారిందో తెలుసుకోవడానికి మాకు వీటికి మించిన సాక్ష్యం లేదు. అన్నీ పెళ్ళి ఫోటోలు కూడా కావు. వేసవి సెలవుల్లో మల్లెలు దండిగా వచ్చినప్పుడు ఆడపిల్లలకు ముచ్చట కొద్దీ పూలజడ వేసి స్టూడియోకి తీసుకెళ్ళే అలవాటు మా ఊళ్ళో బాగా ఉండేది. ఆ పిల్లలే ఇప్పుడు అమ్మమ్మలు.

జడలో ఏ పువ్వు ఉందో చూస్తే పెళ్ళి ఏ నెలలో జరిగిందో చెప్పేయొచ్చు. మాఘమాసపు పెళ్ళికి చామంతి, వైశాఖ జ్యేష్ఠాల్లో మల్లె. శ్రావణంలో మొగలి. కోనసీమ కాలవగట్ల మీద మొగలిపొదలకు కొదవ లేదు. ముళ్ళు తీసేసి, లేత రేకుల్ని మడతలు పెట్టి జడతో కలిపి అల్లితే నెల తర్వాత కూడా పెట్టెలో వాసన వచ్చేది. ఇక మా పక్కనే కడియం. నర్సరీలతో దేశమంతా తెలిసిన ఊరు. కడియపులంక పూల మార్కెట్లో తెల్లవారుజామునే బుట్టలు దిగుతాయి. ముందు ఇంటి పెరట్లోంచీ, తర్వాత తోటల్లోంచీ వచ్చిన పువ్వు క్రమంగా మార్కెట్ నుంచి రావడం మొదలైంది. ఇప్పుడు ఆర్కిడ్లూ కార్నేషన్లూ బెంగళూరు నుంచి పెట్టెల్లో వస్తున్నాయి కాబట్టి జడ చూసి నెల చెప్పడం కుదరదు.

బట్టల సంగతికొస్తే, అన్నీ మారి ఒక్కటి నిలబడింది. అది మధుపర్కం. తెల్లటి నూలుచీర, తెల్లటి పంచె, సన్నటి ఎర్రంచు, కొసలకు పసుపు. గౌరీపూజకు ఏ చీర కట్టినా, ఎన్ని వేలదైనా, తాళి కట్టే ముందు అది విప్పి ఈ నూలుబట్ట కట్టుకోవాల్సిందే. జమీందారు ఇంట్లోనూ, గుమాస్తా ఇంట్లోనూ ఆ కాసేపూ ఒకే బట్ట. ఇంతకంటే మంచి ఆచారం మన పెళ్ళిలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1943లో గుడ్డకూ నూలుకూ ప్రభుత్వం కంట్రోలు పెట్టినప్పుడు మిగతా బట్టలు తగ్గించుకున్నా మధుపర్కాలు మాత్రం ఎలాగోలా సంపాదించారట. ఇప్పుడు తాడితోట హోల్‌సేలు మార్కెట్లో అవి జతలుగా ప్యాక్ చేసి అమ్ముతున్నారు. చాలామటుకు మరమగ్గం సరుకు, కొన్నింట్లో పాలిస్టరు కలుస్తోంది. చేమగ్గం మధుపర్కం కావాలంటే ముందే చెప్పి నేయించుకోవాలి.

పట్టుచీరల వరస వేరు. మా అమ్మ తరానికి బెనారసు పట్టు ఉంటే గొప్ప, ఆ తర్వాత కంచి, ధర్మవరం. పక్కనే సముద్రపొడ్డున ఉన్న ఉప్పాడ జాందానీ చాలాకాలం నూలుకే పేరు. దాని పట్టుచీరలు పెళ్ళి బట్టల్లోకి వచ్చింది ఈమధ్యే. 2009లో ఉప్పాడకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొరుగునున్న నేతను ఇంత ఆలస్యంగా నెత్తిన పెట్టుకున్నాం.

మా ఊరు లూథరన్ మిషన్ పాతుకున్న ఊరు కూడా. చర్చి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీర కట్టి, తలమీద నెట్టు ముసుగు వేసి, దాని మీద పూలకిరీటం పెట్టుకునేది. గౌను వేసుకోవడం ఈ పాతికేళ్ళలో పెరిగింది. ఒక వీధిలో మధుపర్కం తెలుపు, పక్క వీధిలో చర్చి తెలుపు. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళి పెరిగిన మాకు పెళ్ళికూతురంటే తెల్లబట్ట కట్టుకున్న మనిషే.

1950ల్లో బుట్టచేతుల జాకెట్టు, అరవైలు దాటాక మోచేతి దాకా చేతులు, డెబ్భైల్లో వాణిశ్రీ కొప్పు. సినిమా హాలు నుంచి పెళ్ళిపందిట్లోకి ఆ కొప్పు ఎంత వేగంగా వచ్చిందంటే, కొన్ని ఇళ్ళలో పెళ్ళిపీటల మీద జడ, మర్నాడు రిసెప్షనుకు కొప్పు అని తల్లీకూతుళ్ళు ఒప్పందానికి రావలసి వచ్చింది. పెళ్ళికొడుకులు సూట్లలోకి దిగింది కూడా ఆ కాలంలోనే, వైశాఖమాసపు ఎండల్లో. 1978లో ఆడపిల్ల పెళ్ళి వయసు పద్ధెనిమిదికి పెంచారు. కాలేజీ చదువులు వచ్చాయి, జడ ఎంతుండాలో అమ్మాయే చెప్పడం మొదలైంది. భుజాల దాకా కత్తిరించుకున్న జుట్టుతో పీటల మీద కూర్చున్న మొదటి తరాన్ని ముసలివాళ్ళు ఎన్ని మాటలన్నారో నాకు గుర్తే. మళ్ళీ సవరమే ఆదుకుంది. పూలజడ మీద మోజు పూర్తిగా పోకుండా కాపాడింది బాపు గారి బొమ్మలంటాను. 1991లో ఆయన సినిమా పెళ్ళిపుస్తకం వచ్చాక బారెడు జడా, ముదురు అంచు చీరా మళ్ళీ అందరికీ కావలసివచ్చాయి.

రెండువేల సంవత్సరం తర్వాత మార్పు పరుగందుకుంది. చీరకంటే జాకెట్టు ఖరీదైంది. మగ్గంవర్కు జాకెట్టు కుట్టించడానికి దానవాయిపేటలో ముహూర్తం పెట్టిన వారమే ఆర్డరివ్వాలి. మెహందీకి ఒకటి, సంగీత్‌కు లెహంగా, హల్దీకి పసుపురంగు బట్ట, రిసెప్షనుకు గౌను. సంగీత్, హల్దీ అన్న మాటలే మా చిన్నప్పుడు ఎరగం, నలుగు పెట్టడం మాత్రమే తెలుసు. చీర కుచ్చిళ్ళు ముందే మడిచి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టి ఇచ్చేవాళ్ళు వచ్చారు. ఆ పనితో ఇల్లు నడుపుకుంటున్న ఆడవాళ్ళు ఊళ్ళో ఎందరో ఉన్నారు, అది మంచి మార్పు. పూలజడ కూడా ఒక్క ఫోనుతో డబ్బాలో, ఐసు పెట్టి ఇంటికే వస్తుంది. కుట్టేవాళ్ళు ఇప్పుడూ ఆడవాళ్ళే, కానీ ఇప్పుడు వాళ్ళకు కూలి ముడుతుంది.

మొన్నీమధ్య మా బంధువుల పెళ్ళిలో మంగళస్నానం దగ్గర చిన్న తగువు.

"నూనె పెట్టకుండా మంగళస్నానమేంటమ్మా, అశుభం!" అంది పెద్దత్తయ్య గిన్నె పట్టుకుని.

"నూనె తగిలితే హెయిర్ స్టైల్ నిలబడదండీ ఆంటీ, రాత్రే షాంపూ చేయించాం" అంది మేకప్ చేసే అమ్మాయి.

చివరికి పెళ్ళికూతురే మాడు మీద ఒక్క చుక్క పెట్టించుకుంది. కుంకుడుకాయ రసం, సాంబ్రాణి పొగ అన్నీ ఆ ఒక్క చుక్కలోకి కుదించుకుపోయాయి. మధుపర్కాల దగ్గరా అంతే. చీర మార్చితే జడ చెదురుతుందని కొందరు పట్టుచీర మీదే భుజాల చుట్టూ కప్పుకుంటున్నారు. ఇది నాకు నచ్చలేదు. లెహంగా కట్టినా, జుట్టు విరబోసుకున్నా, ఆర్కిడ్లు పెట్టినా అది అమ్మాయి ఇష్టం. గంపలో నిద్రపోతూ వచ్చిన పిల్లకు లేని ఇష్టం అది. ఎంతో పోట్లాట మీద వచ్చింది. కానీ ఆ నూలుచీర పావుగంట కట్టుకుంటే పోయేదేమీ లేదు. మన ప్రాంతపు నేతగాళ్ళ దగ్గర నేయించుకుంటే ఒక మగ్గం ఆడుతుంది.

ఇక ఊళ్ళోవాళ్ళకు ఒక మనవి. మీ ఇళ్ళలో అద్దం ముందు తీయించుకున్న పెళ్ళి ఫోటోలు చాలా ఉన్నాయి. చెదలు పట్టకముందే కిందికి దించి, వెనక పెన్సిలుతో పెళ్ళికూతురి పేరూ, పెళ్ళయిన ఏడాదీ, ఏ పేటో రాయండి. జడ ఎవరు కుట్టారో ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుంటే ఆ పేరు కూడా రాయండి. కుట్టిన వాళ్ళ పేరు ఏ ఫోటో మీదా లేదు.