ఋతువులలో గోదావరి – ఛాయాచిత్రాల సాక్ష్యము

గోదావరి తీరమున నివసించే కుటుంబాలలో, నది ఒడ్డున తీయించుకొన్న ఛాయాచిత్రము ఒక్కటైనా లేని ఇల్లు అరుదు. కొత్తగా పెండ్లి అయిన దంపతులు, పుష్కరస్నానానికి వచ్చిన వృద్ధులు, పరీక్షలు ముగించుకొన్న విద్యార్థులు వరుసగా నిలబడి ఉంటారు. వారి వెనుక గోదావరి ఉంటుంది. బొమ్మ చేతికి రాగానే మన కన్ను మనుష్యుల ముఖాలను వెదకుతుంది. వెనుకనున్న నదిని ఎవరూ పలుకరించరు. ఆ నదిని గురించి నాలుగు మాటలు చెప్పుటకే ఈ ప్రసంగము.

ఆ మధ్య మా వద్దనున్న ఒక పాత కవరులో రెండు చిత్రాలు బయటపడినవి. రెండూ రాజమహేంద్రవరం గట్టు మీదినుండి తీసినవే. ఒకదానిలో రేవుమెట్లు మునిగి, నీరు గట్టును ఒరసికొని పారుతున్నది. రెండవదానిలో మెట్లన్నీ బయటపడి, వాటి ఆవల ఇసుకతిన్నెలు, ఆ తిన్నెల మీదుగా వంతెన కనిపిస్తున్నవి. ఎవరు తీసినారో, ఎప్పుడు తీసినారో వ్రాసి లేదు. మొదటిది గొప్ప వరదనాటిదని మాలో ఒకరు, ఏటా శ్రావణమాసములో వచ్చే నీరేనని మరొకరు వాదించినారు. ఎంతసేపటికిని విషయము తేలలేదు. ఋతువు ఏదో బొమ్మ చూడగానే తెలిసినది. సంవత్సరము మాత్రము తెలియలేదు. ఋతువు మళ్ళీ మళ్ళీ వస్తుంది. సంవత్సరము తిరిగి రాదు. చరిత్రకు కావలసినది ఆ తిరిగిరాని సంవత్సరమే.

ముందుగా నది నడిచే ఏడాదిని చూతము. నాసిక్ సమీపమున త్ర్యంబకము వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రములో కలుస్తుంది. అంత దూరమునుండి వచ్చే నది కనుక, మన ఊరిలో చినుకు పడకముందే ఎగువ వానల వార్తను తెస్తుంది. ఆషాఢములో నీరు ఎర్రబడుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల నీరు తోడై శ్రావణ భాద్రపదాలలో గోదావరి నిండుగా పారుతుంది. సముద్రమునుండి పులస చేప ఏటికెదురుగా వచ్చే కాలము కూడ అదే. ఆశ్వయుజము గడిచేసరికి ఎరుపు విరిగి నీరు తేటపడుతుంది. కార్తీకములో అరటిదొప్పల దీపాలు ఆ తేటనీటిలో తేలుతాయి. మాఘ ఫాల్గుణాలలో లంకలు బయటపడి పొగాకుతోను, కూరగాయలతోను పచ్చబడతాయి. వైశాఖము నాటికి నది పాయలుగా చీలి, ఇసుక విస్తారముగా కనబడుతుంది.

ఒక సంవత్సరముపాటు గట్టు మీద ఒకే చోట నిలిచి, ఒకే దిక్కునకు, ఒకే వేళకు ఈ మార్పులను చిత్రాలుగా తీయవలెనని మేము సంకల్పించినాము. పని సులభముగా తోచినది గాని, తొలి చిత్రములోనే పొరపాటు చేసినాము. చిత్రములో నీరూ ఆకాశమూ తప్ప మరేమీ లేదు. చూడ ముచ్చటగా ఉన్నది గాని, నీరు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే ఆనవాలు అందులో లేదు. తరువాత ప్రతి చిత్రములోను వంతెన స్తంభము ఒకటి, రేవుమెట్ల వరుస ఒకటి తప్పక ఉండేటట్లు చూచుకొన్నాము. అప్పుడు బొమ్మలను పక్కపక్కన పెట్టగానే నది ఎక్కినదీ దిగినదీ లెక్కకు వచ్చినది. భాద్రపదములో కనబడని మెట్లను ఫాల్గుణములో ఒక్కొక్కటిగా లెక్కించగలిగినాము.

అయితే ఈ ఎక్కుదిగుళ్ళు వానలకు మాత్రమే చెందినవని అనుకొనరాదు. ఇక్కడ కొంత చరిత్ర చెప్పవలసి ఉన్నది. 1832–33లో డొక్కల కరువు వచ్చినది. నందన నామ సంవత్సరములో వచ్చుటచేత దానిని నందన కరువు అనికూడ అన్నారు. కరవుకాటకాలతో క్షీణించిన గోదావరి మండలానికి నీటివసతి కల్పించుటకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో పూర్తి చేయించినాడు. నది మధ్యనున్న లంకలను ఆధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగాలుగా ఆ కట్టడము సాగినది.

ఛాయాగ్రహణ విద్య లోకానికి ప్రకటితమైనది 1839లో. తడి గాజుపలకల పద్ధతి 1851లో వచ్చినది. మద్రాసులో ఛాయాచిత్రకారుల సంఘము ఏర్పడినది 1856లో. అప్పటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై నాలుగేండ్లు గడచినవి. మద్రాసు ప్రభుత్వము నియమించిన ఛాయాచిత్రకారుడు లినేయస్ ట్రైప్ 1857–58లో దక్షిణదేశములో పర్యటించి మధుర, తంజావూరు మొదలైన చోట్ల ఆలయాలను, ప్రాసాదాలను చిత్రించినాడు. ఆనాటి కెమేరా ప్రధానముగా కదలని కట్టడాలను వెదకినది. కనుక ఆనకట్టకు ముందటి గోదావరిని తెలిసికొనుటకు మనము ముఖ్యముగా నివేదికలను, చేతిగీతల పటాలను ఆశ్రయించవలెను. కెమేరా కంటికి చిక్కిన డెల్టా గోదావరి, అప్పటికే మనిషి చేయి సోకిన గోదావరి.

ఆ తడిపలకలతో నదిని చిత్రించుట ఎంత శ్రమయో నేడు ఊహించుట కష్టము. గాజుపలకపై మందు పూసి, చీకటి గుడారములో వెండిలవణపు ద్రావకములో ముంచి, అది ఆరకముందే కెమేరాలో పెట్టి, చిత్రము తీసి, వెంటనే గుడారములోనికి తెచ్చి కడగవలెను. మన వేసవి ఎండలో ఆ పలక ఎంతసేపు తడిగా ఉండును? పైగా చిత్రము పడుటకు కొన్ని క్షణాలు పట్టుటచేత, పారే నీరు పొగమంచువలె చెదిరిపోయేది. 1871లో పొడిపలకల పద్ధతిని కనిపెట్టిన తరువాతనే గుడారము మోసే బాధ క్రమముగా తప్పినది. 1888లో చుట్టఫిల్ముతో కూడిన చేతికెమేరా వచ్చి, ఈ విద్యను సామాన్యులకు దగ్గర చేసినది.

మరొక చిక్కు కూడ ఉండేది. తొలినాటి పలకలు నీలికాంతిని త్వరగా గ్రహించేవి. ఎరుపును గ్రహించేవి కావు. అందువలన నీలాకాశము తెల్లని కాగితమువలె పడేది. ఎర్రని వస్తువు నల్లగా పడేది. గోదావరికి వాన వచ్చినదనుటకు మనము మొట్టమొదట చూచే గురుతు ఎర్రనీరు. ఆ గురుతునే ఆ పలకలు చూడలేవు. అన్ని వర్ణాలకు స్పందించే పలకలు ఇరువదవ శతాబ్ది ఆరంభములో వాడుకలోనికి వచ్చినను, ఎరుపును ఎరుపుగా చూపుటకు వర్ణచిత్రాలు రావలసివచ్చినది. పాత చిత్రములో నది నల్లగా ఉన్నదని అది లోతైన తేటనీరని తీర్మానించరాదు. అది ఆషాఢపు బురదనీరు కావచ్చును.

సినిమాలలో ఈ భేదమును మన శ్రోతలు స్వయముగా చూచియే ఉంటారు. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’లో గోదావరి నలుపు తెలుపులలో పారినది. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’లో అదే నది రంగులతో కనిపించినది. కథలకోసమే తీసినవైనను, ఆ పడవలు, ఆ రేవులు, ఆ ఒడ్డులు నేడు చరిత్రకారునికి కూడ పనికివచ్చే సాక్ష్యములైనవి. అవి ఏ సంవత్సరానివో మనకు తెలియుటయే దానికి కారణము.

మరి తేదీ వ్రాయని చిత్రమును ఎట్లు చదువవలెను? రాజమహేంద్రవరము వద్ద వంతెనలే క్యాలెండరు. హేవ్‌లాక్ వంతెన నిర్మాణము 1897లో ఆరంభమై 1900లో రైళ్ళకు తెరువబడినది. ఏబదియారు ఖానాలతో తొమ్మిదివేల అడుగులకు మించిన ఆ వంతెనమీద 1997 వరకు రైళ్ళు నడిచినవి. రెండవది, రోడ్డూ రైలూ కలిసిన వంతెన, 1974లో ప్రారంభమైనది. విల్లువంపుల రైలువంతెన 1990వ దశకములో కట్టినది. నాలుగవదైన రోడ్డువంతెన 2015లో వచ్చినది. చిత్రము ఏ దిక్కునకు తీసినదో తెలిసినచో, అందులో కనబడే వంతెనలను లెక్కించి కాలమును కొంత నిర్ణయించవచ్చును. మా కవరులోని రెండవ చిత్రములో హేవ్‌లాక్ వంతెన స్పష్టముగా ఉన్నది. దాని పక్కన విల్లువంపులు ఉండవలసిన చోట ఆకాశము తప్ప మరేమీ లేదు. అది 1990వ దశకమునకు పూర్వపుదని అంతటితో తేలినది. వరద చిత్రములో మాత్రము నీరు, గట్టు, రెండు చెట్లు ఉన్నవి. దానిని నేటికిని నిర్ణయించలేకపోయినాము.

ధవళేశ్వరము వైపు చిత్రాలకు మరొక గురుతు కలదు. కాటన్ కట్టించిన పాత ఆనకట్టకు బదులుగా నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తియైనది. దానికి 175 గేట్లున్నవి. గేట్లు కనబడిన చిత్రము పాత ఆనకట్ట కాలపుది కాజాలదు. గేట్లు దించి నీటిని నిలుపుట, ఎత్తి విడుచుట సాధ్యమైన తరువాత, ఎగువ నీటిమట్టము ఋతువు చేతిలోనే కాక మనిషి చేతిలోను ఉన్నది. రబీలో సీలేరునుండి విడిచే నీరు కూడ వచ్చి కలుస్తుంది. మేము ఫాల్గుణములో తీసిన చిత్రములో నీరు అనుకొన్నంత తగ్గలేదని మొదట ఆశ్చర్యపడినాము. తరువాత అర్థమైనది: మేము చిత్రించినది ఋతువును మాత్రమే కాదు, నీటిపారుదలశాఖ నిర్ణయమును కూడ.

వరదల విషయములో తేదీ ఎంత ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. 1953 ఆగస్టులో గోదావరికి గొప్ప వరద వచ్చినది. 1986 ఆగస్టు 16న భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022లో జూలై 16న అక్కడనే 71.3 అడుగులు నమోదైనది. అక్కడ 53 అడుగులకే మూడవ ప్రమాదసూచిక ఎగురవేస్తారు. ఈ అంకెలు రికార్డులలో భద్రముగా ఉన్నవి. అయితే నీరు ఏ వీథి మలుపు దాకా వచ్చినది, ఏ గుడి గడపను తాకినది, ఏ అరుగు మీద జనము తలదాచుకొన్నారు అనే సంగతులు అంకెలలో ఉండవు. అవి ఎవరో ఒకరు మేడమీదినుండి తీసిన చిత్రములో ఉంటాయి. ఆ చిత్రము వెనుక సంవత్సరము లేకున్న, 1986ను చూపుచున్నదో మరొక వరదను చూపుచున్నదో చెప్పుటకు రేపు ఎవరును మిగలరు.

ఈ మాటను మేము ఇంత గట్టిగా చెప్పుటకు మరొక కారణము కలదు. రాజమహేంద్రవరమునుండి లాంచీలో పాపికొండలకు పోయినవారికి, దారిలో దేవీపట్నము, దాని చుట్టుపట్ల ఊళ్ళు, వాటి రేవులు, ఇసుకదిబ్బలు గుర్తుండును. పోలవరము నిర్మాణములో భాగముగా 2021 జూన్‌లో నదీప్రవాహమును స్పిల్‌వే మీదుగా మళ్ళించినారు. దేవీపట్నము మండలములో అనేక గ్రామాలవారు ఇండ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయినారు. ఆ తీరమున వేసవి ఎట్లుండేదో, కార్తీకములో ఏ రేవున దీపాలు వదిలేవారో చూపగలిగినవి ఇక పాత బొమ్మలే. తీసేనాడు అవి విహారయాత్ర జ్ఞాపకాలు. నేడు ఊరు విడిచిన కుటుంబానికి అవి తమ ఊరి ఆనవాళ్ళు. బొమ్మలో కనబడే రేవు పేరు, తీసిన తేదీ వ్రాసి ఉన్నచో, ఆ ఊరిని చూడని మనుమలకు కూడ అది తమ తాతగారి రేవని తెలుస్తుంది.

కనుక శ్రోతలకు మా మనవి చిన్నది. పెట్టెలోనున్న పాత చిత్రాలను ఒకనాడు బయటకు తీయండి. ఇంటిలోని పెద్దలను పక్కన కూర్చుండబెట్టుకొని, ఏ ఊరు, ఏ రేవు, ఎటు చూచి తీసినది, ఎప్పుడు తీసినది అని అడిగి, బొమ్మ వెనుక పెన్సిలుతో తేలికగా వ్రాయండి. పెద్దలకు ఇంగ్లీషు సంవత్సరము గుర్తు లేకపోవచ్చును. విజయ నామ సంవత్సరము శ్రావణము అని చెప్పవచ్చును. అదే వ్రాసికొనండి. విజయ అరువదేండ్లకొకసారి వచ్చేది గనుక, 1953 కావలెను, లేదా 2013 కావలెను; ఆ రెండింటిలో ఏదో బొమ్మయే చెబుతుంది. చేతిఫోనులో తీసిన చిత్రాలలోను ముఖ్యమైన వానిని అచ్చు వేయించి, వాటి వెనుకను ఇట్లే వ్రాయుట మంచిది.

మా వరద చిత్రమును మేము పారవేయలేదు. దాని వెనుక “రాజమహేంద్రవరము గట్టు, వానకాలము” అని మాత్రము వ్రాసినాము. సంవత్సరము వ్రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది. ఆ గట్టునూ ఆ రెండు చెట్లనూ ఆనవాలు పట్టగలవారు ఎవరైన కనిపించినచో ఆ ఖాళీని పూరించవలెనని ఉంచినాము. మీ ఇంటి బొమ్మలలో అట్టి ఖాళీలను పూరించగలవారు బహుశః ఈ సాయంకాలము మీ పక్కనే కూర్చుండి రేడియో వింటూ ఉంటారు.