నల్లా ఛార్జీ ఎవరు నిర్ణయిస్తారు?

1989 చట్టంతో ఏర్పడిన హైదరాబాదు జలమండలికి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. కాబట్టి నల్లా ఛార్జీ మొదటినుంచీ ప్రభుత్వ నిర్ణయమే. విద్యుత్తు సంగతి వేరు. 1998 సంస్కరణల చట్టం కింద వచ్చిన నియంత్రణ మండలి ముందు వినియోగదారుడు తన అభ్యంతరం చెప్పుకోవచ్చు. నల్లా ఛార్జీకి అలాంటి మండలి లేదు.

కృష్ణా నీరు 2004లో నగరానికి చేరింది ఎల్.బి.నగర్ పక్కనున్న సాహెబ్‌నగర్ మీదుగానే. అయినా ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొన్న గడ్డిఅన్నారం 2007లో జి.హెచ్.ఎం.సి.లో కలిసేదాకా వేరే మున్సిపాలిటీలు.

2020 నగరపాలక ఎన్నికల హామీ మేరకు 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. ఉచితం కూడా ధర నిర్ణయమేనని గమనించండి. దీనికీ చట్టసవరణ అవసరం కాలేదు, ఉత్తర్వు సరిపోయింది. బస్తీలకు మీటరు నిబంధన లేదు. కాలనీల్లో మాత్రం మీటరు, ఆధార్ అనుసంధానం లేని ఇంటికి పథకం వర్తించదు.